మూడో భాగం ఎక్కడిదాకా వచ్చిందంటే... (పాతమాటల ముచ్చట్లూ ఇక్కడే)

ఏటిగట్టు (నంద్యాల)

అందరికీ నమస్కారం. నా నవల మూడో భాగం సంగతేమిటని చాలామంది అడుగుతున్నారు. విడివిడిగా జవాబులు రాసే బదులు ఇక్కడే చెప్పేస్తాను. మొత్తం 31 అధ్యాయాలు అనుకున్నాను, 19 అయ్యాయి. ఇంకా చిత్తుప్రతే, ఏడు నోటుబుక్కుల్లో ఉంది. టైపు మొదలుపెట్టలేదు.

ఆలస్యానికి కారణం కూడా దాచను. పన్నెండో అధ్యాయం దగ్గర 14 నెలలు కదల్లేదు. మారన ఇరులకోన చేరతాడు, కోనవాళ్లు అతన్ని నమ్ముతారు, ఆ తర్వాత వాళ్లకీ అతనికీ మధ్య తెగిపోవాలి. ఎందుకు తెగాలో నాకు దొరకలేదు. మోసం రాసి చూశాను, ఒక పిల్ల కోసం తగువు రాసి చూశాను, దొంగతనం రాసి చూశాను. ఏదీ నాకే నచ్చలేదు. మారన అలాంటివాడు కాదు, కోనవాళ్లూ అలాంటివాళ్లు కారు.

పోయిన సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు మా అవ్వ వంటింట్లోంచి కేకేసింది, "మాపటికి శెనగలు నానబెట్టినావా?" అని. చిన్నప్పటినుంచీ వింటున్న మాటే. ఆ రాత్రి ఎందుకో శబ్దరత్నాకరం నిఘంటువు తీసి మాపు అనే మాట చూశాను. సాయంకాలం, రాత్రి. దాని జంట రేపు. దానికి మొదటి అర్థం ప్రాతఃకాలం! రేపకడ అంటే తెల్లవారుజాము. మనం "రేపూ మాపూ అని తిప్పుతున్నాడు" అంటామే, అందులో రేపంటే వచ్చే రోజు అనుకుంటాం. అసలది పొద్దున, సాయంత్రం అని. మరి వచ్చే రోజును ఏమనేవాళ్లు? ఎల్లి. మన నోట్లో ఎల్లుండిలో మాత్రమే మిగిలింది.

పుస్తకం ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. మారన కోనవాళ్లతో "రేపు వస్తాను, తలుపు తీసి ఉంచండి" అంటాడు. అతని లెక్కలో అది మర్నాడు. వాళ్ల లెక్కలో అది ఈ తెల్లవారుజామే. వాళ్లది పాత తెలుగు, అతనిది కొత్తది. వాళ్లు ఆ రేపకడ కొండతలుపు తీసి నిలబడ్డారు. అతను రాలేదు. వచ్చింది దండు.

ఎవరూ మోసం చేయలేదు. ఇద్దరూ మాట మీదే నిలబడ్డారు. అక్కడినుంచి ఏడు అధ్యాయాలు నాలుగు నెలల్లో రాశాను.

పాలమూరు పిల్ల

అక్కా, చదువుతుంటే గుండె ఝల్లుమన్నది. మా అమ్మ ఇప్పటికీ "మాపటికి ఏం కూర వండాలె?" అంటది. ఆమెకు అది పాతమాట కాదు, ఈ పూట మాట. హైదరాబాదుకొచ్చినంక నేనే "ఈవెనింగ్" అనుడు నేర్చుకున్న. మా హాస్టల్ల ఒకసారి మాపటికి అన్న, పక్క పిల్ల "మాప్ తోటి తుడవాల్నా?" అని అడిగింది. అప్పటినుంచి ఆ మాట అననే లేదు. ఇప్పుడు మళ్ల అంట.

ఒకటి అడగాలె. కోనవాళ్లు మా తీరు మాట్లాడుతరా, మీ తీరు మాట్లాడుతరా?

ఏటిగట్టు (నంద్యాల)

తల్లీ, నీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. తప్పకుండా అను.

కోనవాళ్లది ఏ ఒక్క జిల్లా తీరూ కాదు. వాళ్ల మాటకారితనం మా అవ్వది, లయ మాత్రం మీ వైపుది. నాలుగేళ్లు వనపర్తిలో ఉద్యోగం చేశాను. ఆ నాలుగేళ్లలో చెవిన పడ్డవన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసుకున్నాను. పొద్దుగూకింది అనే మాట నాకు అక్కడే మనసుకు పట్టింది. సూర్యుడు అస్తమించాడంటే సమాచారం. పొద్దుగూకిందంటే పొద్దు ఎవరో పెద్దమనిషిలా ఒదిగి కూర్చున్నట్టుంటుంది.

కొత్తపాఠకుడు

మేడమ్, అభిమానంతోనే చెప్తున్నాను. రెండు భాగాలూ కొన్నాను, రెండోది రెండుసార్లు చదివాను. కానీ మా తమ్ముడు మొదటి భాగం నలభయ్యో పేజీ దగ్గర మూసేశాడు. ఒకే పేజీలో తొయ్యలి, తెఱవ, ముదిత, ఇంతి నాలుగూ ఉన్నాయి. నాలుగూ ఆడమనిషే. వాడు ఇంజనీరింగ్ చదివేవాడు, తెలుగు బాగానే వచ్చు. "ఇది కథా, పద్యానికి టీకానా?" అన్నాడు. గట్టిగా జవాబు చెప్పలేకపోయాను.

గిడుగువారు అంత పోరాడి వాడుకభాష తెచ్చిపెట్టాక మళ్లీ మనం వెనక్కి వెళ్తున్నామా అని నాకూ ఒక్కోసారి అనిపిస్తుంది.

ఏటిగట్టు (నంద్యాల)

మీ తమ్ముడు చెప్పింది నిజం. ఆ పేజీ నాకు గుర్తే. మొదటి భాగం రాసేటప్పుడు దొరికిన మాటనల్లా తెచ్చి పేర్చాను. అవి కథకు పనికొచ్చాయా అని చూసుకోలేదు. మళ్లీ అచ్చుకు వెళ్లేటప్పుడు ఆ పేజీ తిరగరాస్తున్నాను. ఆ నాలుగింటిలో ఒక్కటీ ఉండదు. ఆవిడ పేరు ఉంటుంది, చాలు.

గిడుగువారి సంగతికి వస్తే, ఆయన పోరు పాతమాటల మీద కాదని నేను అనుకుంటాను. జనం నోట లేని భాషను బళ్లో పిల్లల మీద రుద్దడం మీద. ఆయనే సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం రాశారు. మాటంటే అంత ప్రాణం ఉన్న మనిషి. పలికే మాటకు విలువ ఇవ్వాలన్నది ఆయన పట్టు. నేను వెతికే పాతమాటల్లో సగం ఇంకా ఎక్కడో ఒక వంటింట్లోనో, పొలంగట్టునో పలుకుతున్నవే.

ఇప్పుడు ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. పాతమాట వచ్చిన చోట పక్క వాక్యంలోనే దాని పని కనపడాలి. "అతను అడిదం ఒరలోంచి దూశాడు" అంటే అడిదం కత్తి అని ఎవరూ చెప్పక్కర్లేదు. ఒర చెప్తుంది, దూయడం చెప్తుంది. "కైదువు పట్టాడు" అని ఊరికే వదిలేస్తే మాత్రం చదివేవాణ్ణి చీకట్లో నిలబెట్టినట్టే.

బొబ్బిలి వీణ

అడిదం అన్నారు కాబట్టి ఊరుకోలేను. మా విజయనగరం వైపు 18వ శతాబ్దంలో అడిదము సూరకవి ఉండేవాడు. చాటుపద్యాలతోనే ఆయన్ను అందరూ తలుచుకుంటారు. కానీ ఆంధ్రనామశేషం రాసింది కూడా ఆయనే! అంతకుముందు పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం అని తెలుగు మాటల నిఘంటువు పద్యాల్లో రాశాడు. అందులో రాకుండా మిగిలిపోయినవాటిని సూరకవి ఏరి తన పద్యాల్లో పెట్టాడు. కత్తి అనే అర్థమున్న ఇంటిపేరు పెట్టుకున్న మనిషి మిగిలిపోయిన మాటలు ఏరుకుంటూ కూర్చున్నాడంటే నాకెంత ఇష్టమో చెప్పలేను.

మా తాతగారికి ఆ పద్యాలు కంఠతా వచ్చేవి. చందమామ చూపించి "చుక్కలఱేడు" అనేవారు. నాకు ఆరేళ్లు. చుక్కలకు ఒక రాజుంటాడని అప్పుడే తెలిసింది. కల్పనా సాహిత్యం చదవడం నేను అక్కడే మొదలుపెట్టాననుకుంటాను.

అచ్చుతప్పు

నేను ఇరవై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. ఏటిగట్టుగారి పేరులోనే ఉంది చూడండి, ఏఱు అన్నది బండిరతో రాయాల్సిన మాట. అందుకే ఏఱు, ఏటి, ఏట్లో అవుతుంది. ఏరుకోవడంలో ఏరు వేరు, దానికి మామూలు ర. ఇప్పుడు రెండూ ఒకేలా రాస్తున్నాం, పలకడమూ ఒకేలా పలుకుతున్నాం. అందులో తప్పు లేదు. కానీ రచయిత కావాలని ఱ రాస్తే దాన్ని ఉంచాలి. ఒక కవిగారి పుస్తకానికి నేను మూడుసార్లు ప్రూఫు దిద్ది ఱ అన్నచోటల్లా నిలబెట్టాను. పేజీలు కట్టినచోట ఒకే నొక్కుతో అన్నీ ర అయిపోయాయి. అచ్చయ్యాకే చూశాం. ఆ పెద్దాయన ఏమీ అనలేదు. ఇంట్లో ఉన్న పాతిక ప్రతుల్లో పెన్నుతో అడ్డగీత గీసుకుంటూ కూర్చున్నారు. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కళ్లముందు ఆడుతుంది.

మూడో భాగం టైపయ్యాక నాకు పంపండి. డబ్బు ప్రసక్తి వద్దు.

డల్లాస్ తాతయ్య

అమ్మా ఏటిగట్టూ, 14 నెలలు ఆగిపోయానని బాధపడకు. ఇంగ్లీషు రచయిత టోల్కీన్ సంగతి చెప్తాను విను. హాబిట్ పుస్తకం 1937 సెప్టెంబరులో వచ్చింది. తర్వాతి కథ, లార్డ్ ఆఫ్ ద రింగ్స్, ఆ డిసెంబరులోనే మొదలుపెట్టాడు. అది మూడు సంపుటాలుగా బయటికొచ్చేసరికి 1954, 55. మధ్యలో యుద్ధం, పాఠాలు, పరీక్ష పేపర్లు. ఆ కథలో మోరియా గనుల్లో బాలిన్ సమాధి దగ్గరికి వచ్చి ఆగిపోయి, మళ్లీ కదలడానికి దాదాపు ఏడాది పట్టిందని ముందుమాటలో తనే రాసుకున్నాడు. నీ పన్నెండో అధ్యాయం లాంటిదే.

పాతమాట కథను నడిపించడమూ ఆయన దగ్గర ఉంది. 1914లో పాత ఇంగ్లీషు పద్యం ఒకటి చదువుతుంటే ఎఅరెన్డెల్ అనే మాట కంటపడింది. వెలుగుచుక్క లాంటి దేనికో ఆ పేరు. ఆ ఒక్క మాట పట్టుకుని ఓడెక్కి ఆకాశంలో పోయే నావికుడి కథ అల్లాడు. ఆ నావికుడే తర్వాత ఆయన లోకమంతటికీ మూలస్తంభమయ్యాడు. నడిచే చెట్లకు పెట్టిన ఎంట్ అనే పేరుకు కూడా పాత ఇంగ్లీషులో రాక్షసాకారుడని అర్థం. యుద్ధం నుంచి వచ్చాక 1919, 20లలో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉద్యోగం చేశాడు. డబ్ల్యూ అక్షరం మాటలు ఆయన చేతికిచ్చారు. వాల్రస్ అనే మాట పుట్టుక మీద ఎన్ని చిత్తుప్రతులు రాశాడో!

అచ్చుతప్పుగారికి ఒక మాట. మరుగుజ్జులకు ఆయన డ్వార్వ్స్ అని తనదైన బహువచనం పెట్టుకుంటే అచ్చువాళ్లు అది తప్పనుకుని డ్వార్ఫ్స్ అని దిద్దేశారు. ఆయన పట్టుబట్టి వెనక్కి మార్పించుకున్నాడు. మీ కవిగారికి ఆ అవకాశం లేకపోయింది.

ఇక్కడ మా మనవలు ఆ పుస్తకాలు ఇంగ్లీషులోనే చదివారు. నీ మొదటి భాగం నేను వాళ్లకు రాత్రిళ్లు చదివి వినిపిస్తున్నాను. మిన్నేరు అని వచ్చినచోట ఆగి, మిన్ను అంటే ఆకాశం, ఏరు నీకు తెలుసు కదా, ఇప్పుడు చెప్పు అన్నాను. చిన్నది పైకి చూసి "మిల్కీ వే!" అంది.

పాలమూరు పిల్ల

తాతగారూ, మీ మనవరాలికి నా ముద్దులు.

నిలువుగీత

నా అభిప్రాయం కొంచెం వేరు. ఇంత చేస్తున్నప్పుడు పూర్తిగా అచ్చతెలుగులోనే రాయొచ్చు కదా. సంస్కృతం మాటలన్నీ తీసేస్తే ఆ లోకం ఇంకా పాతదిగా, ఇంకా మనదిగా ఉంటుంది. సేనాని ఎందుకు? పర్వతం ఎందుకు? పొన్నగంటి తెలగన్న 16వ శతాబ్దంలోనే యయాతి చరిత్ర మొత్తం అచ్చతెలుగులో రాశాడు. అప్పుడు అయినది ఇప్పుడు కాదా?

ఏటిగట్టు (నంద్యాల)

తెలగన్న పేరు తలిచినందుకు సంతోషం. ఆ కావ్యం అంకితం తీసుకున్నది ఎవరో గుర్తుందా? ఇబ్రహీం కుతుబ్ షా కొలువులోని అమీన్ ఖాన్. పటాన్‌చెరు ఏలిన దొర. అచ్చతెలుగు కావ్యాన్ని ఒక ముస్లిం దొర కోరి చెప్పించుకుని మురిసిపోయాడు. అందుకే వడకట్టడం మీద నాకు మనసు పోదు. ఆ కావ్యం పుట్టిన కొలువులోనే పారసీకం, దక్కనీ, తెలుగు ఒకే గదిలో వినపడేవి.

నా కోనవాళ్ల నోట సంస్కృతం దాదాపు రాదు, ఎందుకంటే వాళ్లు కొండ దిగక మూడొందల ఏళ్లయింది. కోట మనుషుల నోట వస్తుంది. దండులో సవారుల నోట తాకీదు, ఫౌజు వస్తాయి. నోరు తెరవగానే మనిషి ఎక్కడివాడో తెలియాలి. అందరిచేతా ఒకేలా మాట్లాడిస్తే "రేపు వస్తాను" అన్న మాట తప్పిపోవడానికి చోటే ఉండదు. పన్నెండో అధ్యాయం కుప్పకూలిపోతుంది.

హిమాలయాన్ని వలిమల అన్నారు, వలి అంటే చలి. అలాంటివి కనపడినప్పుడు నేనూ ఆగలేను, తెచ్చి పెట్టేస్తాను. అది వేరే.

నిలువుగీత

ఒప్పుకుంటాను. మనుషుల మధ్య తేడా అనే కోణంలో నేను చూడలేదు.

కొలిమి

దూరాల లెక్క ఎలా పెడుతున్నారండీ? రెండో భాగంలో ఆమడ, కోసు రెండూ వచ్చాయి.

ఏటిగట్టు (నంద్యాల)

కోసు అంటే రెండు మైళ్లు, ఆమడ అంటే ఎనిమిది అనే లెక్కతో వెళ్తున్నాను. కాలానికి గడియ, జాము. రోజుకు 60 గడియలు, గడియకు 24 నిమిషాలు. మారన కోన నుంచి కోటకు వెళ్లి రావడానికి ఎన్ని జాములో గోడమీద పటం గీసి లెక్కేసుకున్నాను. తిండిగింజలు కుంచం, తూము, పుట్టి. పుట్టికి 20 తూములు. ముట్టడిలో కోనవాళ్ల పాతరలో ఎన్ని పుట్లు ఉన్నాయో దాన్నిబట్టే కథ ఎన్ని రోజులు సాగాలో తేలింది.

అచ్చుతప్పు

మీ రాతిశాసనం అధ్యాయంలో పోయిన అక్షరం వాడతానన్నారు గుర్తుందా? టైపు చేయడానికి ఇప్పుడు ఇబ్బంది లేదు. ఆ ఴ యూనికోడులోకి 2014లో వచ్చింది. కాకపోతే అన్ని ఖతుల్లో (ఫాంట్లలో) లేదు, చూసి ఎంచుకోవాలి.

ఏటిగట్టు (నంద్యాల)

చాలా పెద్ద సాయం చేశారండీ!

తెలియనివాళ్లకు చెప్తాను. తమిళం, మలయాళం ఇప్పటికీ నాలుక మడిచి పలికే ఆ అక్షరం మన రేనాటి చోళుల శాసనాల్లోనూ ఉంది. తర్వాత మన నోట పోయింది, చాలా మాటల్లో డ అయింది. తమిళుల కోఴి మన కోడి. వాళ్ల ఏఴు మన ఏడు. మా కుందేరు పారే నేలంతా ఒకప్పటి రేనాడే. ఎర్రగుంట్ల పక్కన కలమళ్లలో దొరికిన ధనంజయుడి శాసనం సుమారు 575 నాటిది. అందులో "రేనాణ్డు ఏళన్" అని ఉంది. రేనాడు ఏలుతుండగా అని. ఆ ముద్ర ఫోటోను పుస్తకంలో మొదటిసారి చూసినప్పుడు మిగతా అక్షరాలేవీ కూడబలుక్కోలేకపోయాను. ఆ ఏలడం మాత్రం తగిలింది. ఏలిక, ఏలుకో, మా దొర ఏలిన ఊరు. పద్నాలుగు వందల ఏళ్లు దాటి నాకు అర్థమయ్యేట్టు ఎవరో చెక్కి పెట్టినట్టు అనిపించింది.

నా కథలో కోన ముఖద్వారం మీద ఒక రాత ఉంటుంది. కోటలో చదువుకున్నవాళ్లు దాన్ని తప్పు చదువుతారు, ఎందుకంటే ఆ అక్షరం వాళ్లకు తెలియదు. దాన్ని సరిగా పలికేది కోళ్లు కాసే ఒక ముసలావిడ. తన కోళ్లను రోజూ ఆ పాత పలుకుతోనే పిలుస్తుంది కాబట్టి.

కొత్తపాఠకుడు

ఇది మా తమ్ముడికి చదివి వినిపించాను. మూడో భాగం వచ్చాక ముందు వాడే చదువుతాడట.

బొబ్బిలి వీణ

చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియళ్ల పేర్లు గుర్తొస్తున్నాయి. తోకచుక్క, కంచుకోట, రాకాసిలోయ. ఆ పేరు వినగానే లోయ కనపడేది. కోళ్ల ముసలమ్మ కూడా నాకు అలాగే కనపడింది.

ఏటిగట్టు (నంద్యాల)

(ఐదు వారాల తర్వాత)

21 అధ్యాయాలు అయ్యాయి. కోళ్ల ముసలావిడ అధ్యాయం అనుకున్నదానికంటే పెద్దదైంది. దాన్ని రెండుగా విడగొట్టాను, కాబట్టి మొత్తం 32.

ఇప్పుడొక సాయం కావాలి. 22లో యుద్ధం అయిపోయాక కోన కమ్మరి విరిగిన అడిదం ముక్కను కొలిమిలో పెట్టి కొడవలిగా సాగగొడతాడు. చివర్లో కొడవలి లోపలి అంచుకు రంపంలా సన్నపళ్లు వస్తాయి కదా, ఆ పనిని ఏమంటారు? మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వచ్చిన వ్యవసాయ పదాలది, నా దగ్గరున్న ప్రతిలో సరిగ్గా ఆ పేజీలు చిరిగిపోయాయి. అంచు పదునుకు వాదర ఉంది, అది కత్తిది. నాకు కొడవలిది కావాలి. పని చేసేవాళ్ల నోటిమాటే కావాలి.

కొలిమి

ఇన్నాళ్లూ చదువుతూ కూర్చున్నాను, ఇది నాకు తెలిసిన సంగతి. మా నాన్న కమ్మరి. దాన్ని కక్కు అంటాం. కక్కు కొట్టడం. కక్కు కొడవలి అంటే పళ్లున్నది. అరిగితే రైతులు "కక్కు పోయింది, కొట్టిపెట్టు" అని తెచ్చేవాళ్లు.

ఎలా కొడతారో కూడా చెప్తాను, రాసేటప్పుడు పనికొస్తుంది. కొడవలిని దాగలి మీద పెట్టి కాలితో అదిమి పట్టుకుంటాడు. ఎడమచేతిలో సన్న ఉలి, కుడిచేతిలో చిన్న సుత్తి. ఒక్కో పంటికి ఒక్కటే దెబ్బ. ఉలి వెంట్రుకంత జరుగుతుంది, మళ్లీ దెబ్బ. నాన్న ఉలిని చూసేవాడు కాదు, చప్పుడు వినేవాడు. దెబ్బ తేడాగా మోగితే ఆ పన్ను వంకర పడ్డట్టు. మధ్యలో ఎవరైనా మాట్లాడిస్తే జవాబు చెప్పేవాడు కాదు, అంచు చివరిదాకా వచ్చాకే తలెత్తేవాడు.

ఏటిగట్టు (నంద్యాల)

ఆ మాట కోసం వారం వెతికాను. మీ నాన్నగారు బాగున్నారా? వీలైతే ఆయనతో ఫోనులో ఒక పది నిమిషాలు మాట్లాడాలని ఉంది. సాగగొట్టేటప్పుడు ఇనుము ఏ రంగుకు వచ్చాక బయటికి తీస్తారో అడగాలి.

కొలిమి

బాగున్నారండీ. చూపు తగ్గింది, పని మానేశారు. మాట్లాడతారు. మాపటికి చేయండి, అప్పుడు ఇంట్లోనే ఉంటారు.